పండితులు పెదవి విరిచినా పల్లెలు పట్టం కట్టాయి

పొద్దు గూకే వేళకు ఊరి బయట కోత కోసిన పొలంలో డేరా లేచేది. జనరేటరు గుడగుడమని మొదలయ్యేది. ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట మైకులో వినపడితే ఆట మొదలు కాబోతున్నదని చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకూ తెలిసిపోయేది. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు పొయ్యి మీది అన్నం దించి, పిల్లలకింత పెట్టి, పసివాణ్ణి చంకన వేసుకొని గబగబా నడిచేవారు. నేల టికెట్టువాళ్ళు ఇసుకను కుప్పగా చేసుకొని దాని మీద కూర్చునేవారు. ముందువాడి కుప్ప ఎత్తయితే వెనకవాడితో తగాదా. ఆ రాత్రి ఆడేది విఠలాచార్య సినిమా అయితే ఇక చెప్పనక్కరలేదు.

ఆ డేరాలు ఇప్పుడు లేవు. విఠలాచార్య కన్నుమూసి పాతికేళ్ళు దాటింది. ఆయన చిత్రాల మీద నేల టికెట్టు అభిమానులకూ, పత్రికల్లో సమీక్షలు రాసేవారికీ నడిచిన తగవు మాత్రం ఆయన బతికి ఉన్నంతకాలం తెగలేదు. సమీక్షకులు అది సినిమా తీసే పద్ధతే కాదన్నారు. అభిమానులు మరో ఊళ్ళో ఆడుతుంటే బండి కట్టుకొని అక్కడికి పోయి మళ్ళీ చూశారు.

మూడో తరగతితో సరి

బి. విఠలాచార్య 1920లో కర్ణాటకలోని ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. బడి చదువు మూడో తరగతితో ఆగింది. చిన్న వయసులోనే ఇల్లు వదిలి హాసన్ జిల్లాలోని అరసికెరె చేరారు. రైల్వే జంక్షను గనుక ఆ ఊరికి వచ్చేపోయే జనం ఎక్కువ. చేతికందిన పని చేస్తూ క్రమంగా అక్కడ ఒక హోటలు నడిపే స్థితికి వచ్చారు. నిలదొక్కుకుంటున్న సమయంలోనే 1942 క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. మిత్రులతో కలిసి అందులో దిగి జైలుకు వెళ్ళారు.

విడుదలై వచ్చాక హోటలుతో సరిపెట్టుకోలేదు. స్నేహితులతో కలిసి ఒక టూరింగ్ టాకీసు కొన్నారు. 1944లో పెళ్ళి చేసుకున్నారు. డేరా బాధ్యత చూసుకుంటూ అందులో ఆడిన ప్రతి సినిమానూ ఆయన కూర్చొని చూసేవారు. ఏ సంస్థలోనూ చిత్రదర్శకత్వం చదవని ఈ మనిషికి అదే గురుకులం.

డేరా నేర్పిన పాఠం

టూరింగ్ టాకీసు సంగతి నేటి కుర్రకారుకు కొంచెం విడమరచి చెప్పాలి. ఒక డేరా, ఒక తెర, ఒక ప్రొజెక్టరు, ఒక జనరేటరు, కొన్ని బెంచీలు, అంతకన్నా తక్కువ కుర్చీలు. అదే ఆస్తి. ఒక ఊళ్ళో కొన్నాళ్ళు ఆడించడం, జనం పలచబడితే గుంజలు పీకి మరో ఊరు పోవడం. వెయ్యి అడుగుల ఫిల్ము రీలు తెర మీద సుమారు పదకొండు నిమిషాలు ఆడుతుంది. పట్నం హాళ్ళలో రెండు యంత్రాలుంటాయి కాబట్టి ఒకటి ఆగగానే రెండోది అందుకుంటుంది. డేరాలో ఉండేది ఒక్కటే. రెండు మూడు రీళ్ళు కలిపి చుట్టినా ఆటకు మూడు నాలుగుసార్లు తెర చీకటి కాక తప్పదు. అప్పుడు మగవాళ్ళు బీడీలకు లేస్తారు. పసిపిల్లలు ఏడుపు అందుకుంటారు. శనగలు, మరమరాలు అమ్మేవాళ్ళు లోపలికి వస్తారు. పొద్దున్నే నాగలి పట్టాల్సిన మనిషి ఇంటికి పోదామా అని ఆలోచిస్తాడు.

అతణ్ణి తిరిగి తెచ్చి ఇసుక మీద కూర్చోబెట్టాలంటే, తెర చీకటైన ఘడియలో కథ ఎక్కడో ఒకచోట పీటముడి పడి ఉండాలి. రాకుమారుడు పాతాళంలో పడాలి, లేదా మాంత్రికుడు కత్తి ఎత్తాలి. విఠలాచార్య సినిమాలు ఎందుకలా ఉరుకుతాయో తెలియాలంటే ఈ డేరా లెక్క తెలియాలి. కాస్తంత మాటలు సాగగానే ఒక కత్తియుద్ధం, అది ముగిసేలోగా ఒక మాయ, వెనకనే ఒక నవ్వులాట. ఈ పద్ధతిని కథ అల్లడం చేతకానితనంగా సమీక్షకులు లెక్కగట్టారు. వారు సినిమా చూసింది మద్రాసు ప్రివ్యూ హాలులో, ఫ్యాను కింద, మధ్యలో ఆగకుండా. ఆ హాలులో కూర్చున్నవారికి అలా తోచడంలో వింత లేదు.

మైసూరు నుంచి మద్రాసు

డేరా వ్యాపారం నుంచి ఆయన మైసూరు వెళ్ళి, డి. శంకర్‌సింగ్ తదితరులతో కలిసి మహాత్మా పిక్చర్స్ పేరిట కన్నడ చిత్రాలు తీశారు. ఆ సంస్థ 1951లో తీసిన 'జగన్మోహిని' కన్నడ దేశంలో బాగా ఆడింది. తర్వాత విడిపోయి సొంతంగా విఠల్ ప్రొడక్షన్స్ పెట్టుకున్నారు. స్టూడియోలు, నటులు, లేబొరేటరీలు అన్నీ మద్రాసులోనే ఉండడంతో మకాం అక్కడికి మార్చారు.

తెలుగులో ఆయన మొదట తీసినవి దెయ్యాల సినిమాలు కావు. 'కన్యాదానం' 1955లో, 'వద్దంటే పెళ్ళి' 1957లో వచ్చాయి. రెండూ సాంఘికాలే. 1959లో 'జయ విజయ'తో జానపదం వైపు తిరిగారు. ఇక వెనక్కి చూడలేదు. 'కనకదుర్గ పూజా మహిమ' (1960), 'మదన కామరాజు కథ' (1962), 'గురువును మించిన శిష్యుడు' (1963), 'నవగ్రహ పూజా మహిమ' (1964), 'జ్వాలాద్వీప రహస్యం' (1965) వరుసగా వచ్చాయి. కోదాడ దగ్గర గుడిబండ నుంచి వెళ్ళిన కాంతారావు ఈ చిత్రాలతోనే పల్లెపల్లెకూ కత్తి కాంతారావు అయ్యారు. కౌతరం నుంచి వెళ్ళి చిన్నాచితకా వేషాలతో నెట్టుకొస్తున్న కైకాల సత్యనారాయణలో ప్రతినాయకుణ్ణి చూసి, 'కనకదుర్గ పూజా మహిమ'లో ఆ వేషం కట్టించింది విఠలాచార్యే. తర్వాత సత్యనారాయణ ఎంతవాడయ్యారో అందరికీ తెలిసిందే. హాస్యానికి ఉండనే ఉన్నాడు 'పాతాళభైరవి' అంజి, బాలకృష్ణ.

1963లో ఎన్.టి. రామారావుతో 'బందిపోటు' తీశారు. పేదల పక్షాన కత్తి దూసిన వీరుడి కథ అది. ఘంటసాల సంగీతం. పెదవి విరిచేవారు కూడా ఆ చిత్రాన్ని, ఆ పాటలను మెచ్చక తప్పలేదు. మరుసటి ఏడు 'అగ్గిపిడుగు'. అందులో కవలలైన అన్నదమ్ములు ఇద్దరూ రామారావే. ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడికి నొప్పి. ఆ తర్వాత 'పిడుగు రాముడు', 'అగ్గిబరాటా', 'చిక్కడు దొరకడు', 'గండికోట రహస్యం', 'లక్ష్మీకటాక్షం', ఇలా డజనుకు పైగా చిత్రాల్లో రామారావు ఆయన దర్శకత్వంలో నటించారు. అప్పటికే రాముడుగా, కృష్ణుడుగా ఇళ్ళల్లో పటాలకెక్కిన నటుడు చౌకరకం సినిమాల్లో వేషం కడుతున్నాడని చదువుకున్నవారిలో కొందరు నొచ్చుకున్నారు. ఆయన మాత్రం 'పల్లెటూరి చిన్నోడు' (1974) దాకా విఠలాచార్యను వదల్లేదు.

ఏమిటా అభ్యంతరం

సమీక్షకుల అభ్యంతరాలను ఒకచోట పోగుచేస్తే ఇంత. ఈ సినిమాల్లో కథ ఉండదు, సంఘటనలే ఉంటాయి. మనుషులకు మనస్తత్వం ఉండదు. మంచివాడు మొదటి నుంచీ మంచివాడే, మాంత్రికుడు మొదటి నుంచీ దుర్మార్గుడే. రాజు కొలువు ప్రతి సినిమాలోనూ ఒకటే, గుహ ఒకటే, చివరకు పుర్రె కూడా ఒకటే. కెమెరా నటుడి ఎదుట నిలబడి చూస్తుందే తప్ప తనంతట తాను ఏదీ చెప్పదు. సినిమా అనే కళ ప్రపంచంలో ఎంతో ముందుకు పోతుంటే ఈయన దాన్ని గారడీ దగ్గరే కట్టేశాడు.

ఇందులో కొట్టిపారేయదగింది తక్కువే. కొలువు నిజంగానే ఒకటే. ఒక చిత్రానికి వేసిన సెట్టును రంగు మార్చి, తెర మార్చి మరో చిత్రానికి వాడేవారని చెబుతారు. అనుకున్న ఖర్చులో, అనుకున్న రోజుల్లో సినిమా ముగించడం ఆయనకు వ్రతం. నటుడి కాల్షీట్లు దొరక్కపోతే ఆ పాత్రకు ముని చేత శాపం పెట్టించి, చిలకగానో మేకగానో మార్చి కథ నడిపించేస్తాడని మద్రాసు స్టూడియోల్లో వేళాకోళం ఉండేది. వేళాకోళం సంగతి ఎలా ఉన్నా, నటుడు రాలేదని ఆయన సినిమా ఆగదన్నది అందరూ ఒప్పుకున్న మాట. అప్పు చేసి సినిమా మొదలుపెట్టి, తారల చుట్టూ తిరిగి, ఇల్లు అమ్ముకున్న నిర్మాతలు ఎందరో ఉన్న పరిశ్రమ అది.

అభిమాని వాదం పత్రికల్లో అచ్చు కాలేదు. రచ్చబండ మీద, టీ కొట్టు దగ్గర నడిచింది. దానికీ ఒక పద్ధతి ఉంది. తోలుబొమ్మలాట చూసి పెరిగిన మనిషి హనుమంతుడి తోకకు నిప్పంటుకుంటే అది బొమ్మేనని తెలిసే చూస్తాడు. రావణుడి మనస్తత్వం మొదట ఎలా ఉండి తర్వాత ఎలా మారిందని అడగడు. రావణుడు ఎలా ఆడాడు, ఎలా కూలాడు అన్నదే అతనికి కావాలి. సీతమ్మ కష్టం నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి తిట్టుకుంటారు, తన్నుకుంటారు, పోతారు. అది కథకు అడ్డమని ఏ ఊరూ అనలేదు. కాశీమజిలీ కథలు చెప్పే తాతను నమ్మశక్యంగా లేదని ఏ మనమడూ ఆపలేదు. విఠలాచార్య సినిమా ఆ వరసలోది. దాన్ని నవల చదివినట్లు చదవబోయి బాగా లేదనడం, బుర్రకథకు పోయి గంభీరంగా లేదని తిరిగి వచ్చినట్లుంటుంది.

ఇక ట్రిక్కుల మాట. కంప్యూటరు లేని కాలం అది. మనిషి మాయం కావాలంటే కెమెరాను వెంట్రుకవాసి కదలకుండా బిగించి ఆపాలి. నటుడు పక్కకు తప్పుకోవాలి. మిగతావాళ్ళు ఉన్నవాళ్ళు ఉన్నట్లే బొమ్మల్లా నిలబడాలి. మళ్ళీ కెమెరా తిప్పాలి. ఒకే నటుడు ఇద్దరుగా కనిపించాలంటే కటకానికి సగం మూసి ఒక పక్క తీసి, ఫిల్మును వెనక్కి చుట్టి, రెండో సగం మూసి రెండో పక్క తీయాలి. గీతకు అటువాడు చెయ్యి ఇటు చాస్తే తెగిపోయినట్లు కనపడుతుంది. నేల మీద నుంచి కోట గోడ మీదికి ఎగిరే వీరుడు నిజానికి గోడ మీద నుంచి కిందికే దూకుతాడు, ఫిల్మును వెనక నుంచి ముందుకు నడిపిస్తారు. తెర మీద అర నిమిషం గడిచే మాయకు ఒక్కోసారి పూటంతా పట్టేది. ఎక్కడ పొరపాటు జరిగినా ఫిల్ము కడిగి చూసేదాకా తెలియదు. ఈ పనితనం కెమెరా విద్య కాదంటే మరేమిటో సమీక్షకులే చెప్పాలి.

దెయ్యం పొయ్యి

1978లో ఆయన తెలుగులో 'జగన్మోహిని' తీశారు. నరసింహరాజు, ప్రభ, జయమాలిని నటించారు. మగనిని మోహిని బారి నుంచి దక్కించుకొనే ఇల్లాలి కథ. కట్టెలకు బదులు కాళ్ళు పొయ్యిలో పెట్టి దెయ్యం వంట చేసే దృశ్యం చూసిన పిల్లలు చాలా రాత్రులు తల్లి కొంగు వదల్లేదు. సినిమా తెలుగుదేశమంతటా విపరీతంగా ఆడింది, తమిళులూ చూశారు. పేరున్న తారలు లేకుండా, ఆయన పేరు మీదే జనం హాళ్ళకు వచ్చారు.

అదే 1978లో శ్యామ్ బెనెగల్ తెలుగులో 'అనుగ్రహం' తీశారు. తనకు దైవానుగ్రహం దక్కిందని నమ్మిన ఒక పల్లెటూరి మనిషి, ఆ నమ్మకం వల్ల జరిగిన అనర్థం అందులో కథ. అంతకు ముందటి ఏడు మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథతో 'ఒక ఊరి కథ' తీశారు. కూలి చేసినా చేయకపోయినా ఆకలి తప్పని తండ్రీకొడుకుల బతుకు అది. పండితులు ఈ చిత్రాలను ఆకాశానికెత్తారు. ఎత్తదగినవే. చిక్కల్లా ఏమంటే, పల్లెజనం గురించి తీసిన ఆ సినిమాలు పల్లె డేరాలకు వచ్చింది అరుదు. ఏ ఊరి కథ తీశారో ఆ ఊరివాడికి చూసే యోగం లేకపోయింది. అతని డేరాకు వచ్చింది 'జగన్మోహిని'. దాన్ని చూసినందుకు అతనికి అభిరుచి లేదన్నారు.

అభిరుచి మాట తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. 1980లో కె. విశ్వనాథ్ 'శంకరాభరణం' వచ్చింది. అందులో కథానాయకుడు వయసు మళ్ళిన సంగీత విద్వాంసుడు. ఆ వేషం వేసిన జె.వి. సోమయాజులు అప్పటికి జనం ఎరుగని నటుడు. కత్తియుద్ధం లేదు, దెయ్యం లేదు, సంగీతం మాత్రం నిండుగా ఉంది. రాగం పేరు తెలియని రైతుకూలీ కూడా దాన్ని చూశాడు, మళ్ళీ చూశాడు. 'జగన్మోహిని'కి పోయిందీ ఈ జనమే.

అయితే ఒక్క అభ్యంతరం మాత్రం అభిరుచి తగవుతో పోయేది కాదు. ఇలాంటి సినిమాలు దెయ్యాలు, చేతబడుల మీద నమ్మకాన్ని పెంచుతాయని హేతువాదులు అన్నారు. చేతబడి చేసిందన్న అనుమానంతో దిక్కులేని ముసలమ్మను చెట్టుకు కట్టి కొట్టిన ఊళ్ళు తెలుగునాట ఉన్నాయి. పళ్ళు రాలగొట్టిన ఊళ్ళున్నాయి. వాళ్ళంతా సినిమా చూసి చేశారనడానికి లేదు, ఆ పాపం సినిమా పుట్టక ముందు నుంచీ ఉంది. అయినా పుర్రె, నిమ్మకాయ, ముగ్గు వేసి ప్రాణం తీయవచ్చని తెర మీద రంగుల్లో చూపించినప్పుడు, నమ్మేవాడికి అది మరింత బలమిచ్చి ఉంటుంది. తోలుబొమ్మను బొమ్మేనని చూసే మనిషి వాదన ఇక్కడ పూర్తిగా నిలవదు. అదే మనిషి ఇంటికి పోయేటప్పుడు చింతచెట్టు కింద నుంచి పోవడానికి జంకేవాడు. విఠలాచార్య చిత్రాల్లో మాంత్రికుడు చివరకు చస్తాడు, నిజమే. కానీ వాడి మంత్రం ఉత్తదని మాత్రం ఏ చిత్రమూ చెప్పలేదు. దానికన్నా పెద్ద దేవత మహిమతోనే వాడు చచ్చేవాడు.

'జగన్మోహిని' తర్వాత వచ్చిన 'గంధర్వ కన్య', 'మదన మంజరి' వంటి చిత్రాల్లో పాత చురుకు తగ్గింది. మాయల కన్నా నాట్యాలు పెరిగాయి. కుటుంబంతో వచ్చిన ఆడవాళ్ళు తల వంచుకునే ఘట్టాలు చోటు చేసుకున్నాయి. ఇది సమీక్షకులే కాదు, ఆయన అభిమానులూ చెప్పుకున్న లోటే. 'గురువును మించిన శిష్యుడు' నాడు ఊరంతా కలిసి చూసిన సినిమా, ఈ దశలో కుర్రకారు సినిమా అయింది.

ఎనభైలలో టి.వి. వచ్చింది, వీడియో వచ్చింది. డేరాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గుడ్డ చిరుగులు పట్టి, గుంజలు కట్టెలకు పోయి, జనరేటర్లు పొలాల్లో నీళ్ళు తోడడానికి పోయాయి. కత్తీ డాలూ పట్టే జానపదాలకు పెట్టుబడి పెట్టేవారూ తగ్గారు. డేరాలో సినిమా నేర్చుకున్న మనిషికి డేరా ప్రేక్షకుడు దూరమయ్యాడు. 1999 మేలో విఠలాచార్య మద్రాసులో కన్నుమూశారు. వయసు 79 ఏళ్ళు. ఆయన పోయిన పదేళ్ళకు, 2009లో, తమిళులు 'జగన్మోహిని'ని అదే పేరుతో మళ్ళీ తీశారు. ఈసారి మాయలకు కంప్యూటర్లు వాడారు.

తెలుగులో ఆయన పేరు ఒక నానుడిగా మిగిలింది. నాయకుడు రాత్రికి రాత్రి పార్టీ మారినా, మంజూరైన రోడ్డు కాగితం మీదే ఉండి నేల మీద కనపడకపోయినా, ఇదేమిటి విఠలాచార్య సినిమాలా ఉందే అంటారు. పట్నంలో వెక్కిరింతగా అంటారు. పల్లెలో ఆ మాట అన్న ముసలివాళ్ళు వెంటనే ఆగరు. ఏ సినిమాలో ఎవరు ఎలా మాయమయ్యారో, ఆ పూట డేరాలో ఎవరి పక్కన కూర్చున్నారో చెప్పడం మొదలుపెడతారు.